ఆరుగురికి ఒక కుర్చీ

నేను ఇది రాస్తున్న కాగితాలకు అవతలి వైపు అచ్చు ఉంది. మాస్టారు పోయాక గది ఖాళీ చేస్తూ ఆయన మేనకోడలు వీటిని తూకానికి వేయబోతుంటే నేనే ఆపి ఇంటికి తెచ్చుకున్నాను. ఒక వైపు తెల్లగా ఉన్న కాగితాన్ని పారేయడం నాకు చేతకాదు. ఏడాదిగా సరుకుల జాబితాలు, పాలవాడికి చీటీలు, మనవరాలి లెక్కల చిత్తు అన్నీ వీటి మీదే. అవతలి వైపు చదవాలని ఎప్పుడూ అనిపించలేదు. ఆయన బతికుండగా విని విని ఉన్నదే కదా. మొన్న కందిపప్పు, చింతపండు అని రాసి కాగితం తిప్పేసరికి, టైపు చేసిన వరుస కింద పెన్సిలుతో సన్నగా రాసుకున్న మాటలు కనపడ్డాయి. "ఇక్కడ అంకెలు వద్దు. వేరే ఏం పెట్టాలె? అక్కను అడగాలె."

ఆ అక్కను నేనే. ఆయన అడగకుండానే పోయారు.

మా బిల్డింగ్ నాంపల్లి స్టేషను వెనక సందులో ఉంది. మూడంతస్తులు, ముప్ఫై రెండు వాటాలు. సందు వైపు పద్దెనిమిది, వెనక వైపు పద్నాలుగు. మా మామగారు కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చినప్పటి నుంచీ మేం ముందు వైపు కింది వాటాలోనే ఉన్నాం. మాస్టారిది వెనక వైపు కింద, మెట్ల పక్క ఒంటి గది. ఆబిడ్స్‌లో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపి, నేర్చుకునేవాళ్లు లేక మూసేసి, ఒక మిషను మాత్రం గదికి తెచ్చుకున్నారు. వెనక వాళ్లు సార్ అనేవారు. నేను మాస్టారూ అనేదాన్ని. నన్ను ఆయన అక్కా అనేవారు, వయసులో నాకంటే నాలుగేళ్లే చిన్న అయినా.

ఏదైనా ఆలోచిస్తున్నప్పుడు ఆయన పది వేళ్లూ తొడ మీద టైపు కొట్టేవి. కూరగాయల బండి దగ్గర నిలబడ్డా కొట్టేవి. చొక్కా జేబులో రెండు పెన్నులు, ఒక దాంట్లో సిరా ఉండేది కాదు. ఎందుకండీ అది అంటే, అలవాటు అక్కా, జేబు ఒక దిక్కు వంగకుంట ఉంటదని అనేవారు. అన్నిటికన్నా నాకు చిరాకు తెప్పించేది ఇంకొకటి ఉండేది. ఆయన ముందు 'అందరూ' అనే మాట అనకూడదు. చెత్తబండి ఆలస్యంగా వస్తోందని అందరూ అంటున్నారు మాస్టారూ అంటే చాలు, మెడ పక్కకు వంచి అడిగేవారు.

"అందరంటే ఎందరక్కా?"

"అందరంటే అందరే. ఎంచి చెప్పాలా?"

"ఎంచితే తెలుస్తది గద."

ఆదివారం వస్తే ఆబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉంటాయి, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. ఆ పుస్తకాల మధ్య ఆయన మడత బల్ల వేసుకుని నిలబడేవారు. మనవరాలికి పాత గైడు కొనడానికి వెళ్లినప్పుడు నేనొకసారి కళ్లారా చూశాను. బల్ల మీద నాలుగు రేకు డబ్బాలు, వాటి మీద ఇడ్లీ, దోశ, ఉప్మా, మిర్చిబజ్జీ అని కాగితాలు అతికించి ఉన్నాయి. దారిన పోయే పదిమందిని ఆపి, తలా ఒక చింతగింజ చేతిలో పెట్టి, మీకిష్టమైన డబ్బాలో వేయండి అంటున్నారు. తర్వాత గింజలు బయటికి తీసి వరుసగా పేర్చారు.

"జర చూడున్రి. పదిమందిల నలుగురు మిర్చిబజ్జీ అన్నరు. ఇడ్లీకి ముగ్గురు, దోశకు ఇద్దరు, ఉప్మాకు ఒకరు. మన దేశంల ఎలచ్చన్ల లెక్క ప్రకారం ఇప్పుడు పదిమందీ మిర్చిబజ్జీయే తినాలె. కడుపుల పుండున్నోడు గూడ."

ఒక కుర్రకారు గుంపు ఆగింది. సార్, ముందు బజ్జీలు యాడున్నయో చెప్పున్రి అన్నాడు ఒకడు. మీరే పార్టీ అని అడిగాడు ఇంకొకడు. ఏ పార్టీ కాదు అంటే, మరి ఎండలో ఎందుకు నిలబడ్డట్టు అని నవ్వుకుంటూ పోయారు. ఆయన గింజలు మళ్లీ సంచిలో పోసి, ఇంకో పదిమంది కోసం చూస్తూ నిలబడ్డారు. నాకు తలవంపుగా అనిపించింది. మా బిల్డింగ్ మనిషి అని ఎవరైనా గుర్తుపడతారేమోనని గైడు కొనకుండానే తిరిగి వచ్చాను.

నూరుమందిలో ముప్ఫై ఐదుమంది ఒక వైపు ఉంటే పదవులన్నీ వాళ్లకే పోకూడదు, ముప్ఫై ఐదు పాళ్లే పోవాలి, మిగతావి మిగతావాళ్లకు వాళ్ల ఓట్ల కొద్దీ రావాలి. ఆయన చెప్పేదంతా ఇంతే. దీన్ని తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో టైపు కొట్టి, అచ్చు వేయించి, స్టేషను ముందూ కోర్టు గేటు దగ్గరా పంచేవారు. తీసుకున్నవాళ్లు పది అడుగులు పోయి కింద పడేస్తే, వెళ్లి దుమ్ము దులిపి తెచ్చుకునేవారు. ఓటు వచ్చిన నాటి నుంచీ ఒక్క ఎన్నికా మానలేదట, తాను వేసిన మనిషి ఒక్కసారీ గెలవలేదట. నా ఓటుకు ఇంతవరకు ఉద్యోగం దొరకలే అక్కా అనేవారు. ఆ మాటకు ఆయనే నవ్వేవారు, నవ్వు మాత్రం కళ్ల దాకా వచ్చేది కాదు.

దేశం సంగతి నాకు తెలియదు. మా బిల్డింగ్ సంగతి తెలుసు. బోరు నీళ్లు, మెట్లు, మరమ్మతులు చూసుకోవడానికి ఐదుగురి కమిటీ ఉంటుంది. రెండేళ్లకొకసారి చేతులెత్తి ఎన్నుకుంటారు. ఒక్కో కుర్చీకి ఒక్కోసారి చేతులెత్తాలి, ఐదు సార్లూ పద్దెనిమిది చేతులు ముందు వైపు వాళ్లకే లేచేవి. ఐదు కుర్చీలూ ముందు వైపే. అందుకే మోటారు వేస్తే మొదట ముందు వైపు ట్యాంకు నిండేది, బోరులో మిగిలితే వెనక ట్యాంకుకు. ఎండాకాలం మిగిలేది కాదు.

వెనక మూడో అంతస్తులో యాదమ్మ అని, చీరలకు ఫాల్స్ కుట్టేది. ముప్ఫై ఏళ్లుంటాయేమో. మొగుడికి పక్షవాతం, మంచంలోనే అన్నీ. ఆ మంచం శుభ్రంగా ఉంచడానికి రోజుకు పది బకెట్లు కింది నల్లా నుంచి మోసేది. మెట్ల పక్క గది కాబట్టి ప్రతి బకెట్టూ మాస్టారి గుమ్మం ముందు నుంచే పోయేది. ఆయన గదిలో టైపు చప్పుడు ఆగి, బకెట్టు పైకి వెళ్లాక మళ్లీ మొదలయ్యేది.

మోటారు గది తాళం చెవి అప్పట్లో నా దగ్గర ఉండేది. ఆ ఎండాకాలం నేనే మాస్టారితో అన్నాను, మీరీ కరపత్రాలూ లెక్కలూ మానండి, రోజూ నేనొక పావుగంట వెనక ట్యాంకుకు తిప్పుతాను, ఆ పిల్ల కష్టం తీరుతుంది అని. ఆయన వేళ్లు కాసేపు తొడ మీద ఆడాయి.

"ఇస్తే ఇయ్యున్రి అక్కా. నేనెందుకు వద్దంట? గని అది మీ దయ. దయ ఎంతకాలం ఉంటదో మీకు గూడ తెల్వదు."

నాకు కోపం వచ్చింది. మంచి చేస్తానంటే పేచీ పెట్టే మనిషి అనుకున్నాను. పదకొండు రోజులు తిప్పాను. పన్నెండో రోజు ముందు వైపు రెండో అంతస్తులో స్నానానికి నీళ్లు చాలలేదు. కమిటీ కూర్చుంది. అధ్యక్షుడు ఉస్మాన్‌గంజ్‌లో మిర్చి టోకు వ్యాపారి, మనిషి మంచివాడే, నన్ను పెద్దమ్మా అని పిలుస్తాడు. మీకెందుకు పెద్దమ్మా ఈ వయసుల తిప్పలు అంటూ తాళం చెవి తీసుకున్నాడు. ఆ సాయంత్రం మాస్టారు ఎదురుపడ్డారు. చూశారా అని ఒక్క మాట అంటే నేను జవాబు చెప్పి ఉండేదాన్ని. ఆయన అనలేదు.

ఆ తర్వాతే ఆయన కాగితాన్ని మొదటిసారి చేతిలోకి తీసుకున్నాను. ఆయన మూడేళ్లుగా కమిటీని అడుగుతున్నారు, ఒక్కసారి నా లెక్కన పెట్టి చూడున్రి అని. అధ్యక్షుడు విసిగి, సరే సార్, ఒక్కసారి, మళ్ల అడగొద్దు అన్నాడు. ఆ లెక్కలో కుర్చీకి ఒకసారి చొప్పున చేతులెత్తడం ఉండదు. పోటీలో ఉన్న తొమ్మిదిమంది పేర్లూ ఒక కాగితం మీద ఉంటాయి. వాటాకు ఒక కాగితం. ఎవరు కావాలో వాళ్ల పేరు పక్కన ఒకటి వేయాలి, వాళ్లకు చాలినన్ని పడిపోతే నా ఓటు ఎవరికి పోవాలో వాళ్లకు రెండు, ఆ తర్వాత మూడు. ముప్ఫై రెండు కాగితాల్లో ఆరుగురు ఒక మనిషి వైపు నిలబడితే ఆ మనిషికి ఒక కుర్చీ. ఆరుగురికి ఒక కుర్చీ అక్కా, గంతే, అని ఆయన వేళ్లు చూపించి చెప్పారు. వెనక పద్నాలుగు వాటాలకు రెండు కుర్చీలు వస్తాయి. ఒకటి యాదమ్మకు. యాదమ్మ కమిటీలో కూర్చుంటే నీళ్ల సంగతి ఎవరి దయా లేకుండా తేలుతుంది.

ఓటు వేసేది మధ్యాహ్నం. మగవాళ్లు పనుల మీద పోతారు, కాగితాలు రాసేది ఆడవాళ్లు. వాళ్లు నా మాట వింటారని ఆయనకు తెలుసు. మీరు చెప్పున్రి అక్కా, నేను చెప్తే బడిల పాఠం లెక్క ఉంటది అన్నారు. మా వరండాలో కూర్చుని రెండుసార్లు వివరించారు. నేను బియ్యంలో రాళ్లు ఏరుతూ తల ఊపాను. ఒకటి, రెండు ఎందుకో సగమే తలకెక్కింది. ఇంకొకసారి చెప్పండి అని అడగలేదు. నాలుగో తరగతితో ఆగిన దాన్ని, అర్థం కాలేదని ఒప్పుకోవడం నాకు ఎప్పుడూ చేతకాలేదు.

ముప్ఫై రెండు వాటాలూ తిరిగాను. వెనక మెట్లు మూడంతస్తులూ ఎక్కాను. ప్రతి గుమ్మంలో ఒకటే ప్రశ్న, ఈ అంకెలు ఎట్లా వేయాలి అని. నాకు తోచినట్టు చెప్పాను. శుభలేఖలో పేర్లు ఎలా వేయిస్తాం, ముందు ఇంటికి పెద్ద, తర్వాత వాళ్ల తర్వాతివాళ్లు, చివర పిల్లలు. అలాగే అన్నాను. అమ్మయ్య, అంతేనా పిన్నిగారూ అని ముందు వైపు వాళ్లు. గంతేనా పెద్దమ్మా అని వెనక వైపు వాళ్లు. అందరికీ ఇట్టే తెలిసిపోయింది. ఆయనకు చేతకాని పని నేను చేశానని లోపల కాస్త గర్వపడ్డాను కూడా.

కాగితాలు కింద వరండాలో విప్పారు. మాస్టారే చదివారు. మొదటి కాగితంలో ఒకటి, ముందు వైపు మొదటి అంతస్తు తాతగారికి. ఎనభై ఆరేళ్లు, చెవులు వినపడవు, పేరుంటే బాగుంటుందని కొడుకు పోటీలో పెట్టాడు. రెండో కాగితం, తాతగారు. మూడోది, తాతగారు. రెండు అంకె పోటీలో ఆయన తర్వాత పెద్దావిడకు. మూడు ఆవిడ తర్వాత పెద్దాయనకు. ఎనిమిదో కాగితానికి వరండాలో నవ్వులు మొదలయ్యాయి. పదకొండో కాగితం దగ్గర మాస్టారి గొంతు తగ్గింది, ఎడమ చేతి వేళ్లు బల్ల మీద ఆడటం మొదలైంది. మాస్టారిది తప్పిస్తే మిగతా ముప్ఫై ఒక్క కాగితాల్లోనూ వరస ఒకటే, వయసు వరస. చివరి కాగితం దాకా చదివారు. మధ్యలో ఆపలేదు. ఐదు కుర్చీలూ ముందు వైపు ముసలివాళ్లకు వచ్చాయి. యాదమ్మ పేరు పక్కన ఆ ముప్ఫై ఒక్క చోట్లా తొమ్మిది.

అధ్యక్షుడు భుజం తట్టాడు. "ఏంది సార్, లెక్క మీదే, కాగితం మీదే, చెప్పింది మన పెద్దమ్మే. ఇంకేం కావాలె?"

మళ్లీ ఒకసారి పెడదామని వెనక వైపు ఆటో నడిపే అబ్బాయి అన్నాడు. మాస్టారే వద్దన్నారు. పడ్డ ఓటు పడ్డట్టే, నాకు నచ్చలేదని చింపితే రేపు వాళ్లకు నచ్చలేదని చింపుతరు అన్నారు. రాసుకున్న లెక్క కింద సంతకం పెట్టి ఇచ్చేశారు.

మెట్ల మీద యాదమ్మ కనపడితే నేను ఆగాను. నీ కాగితంలో అయినా నీకు నువ్వు ఒకటి వేసుకోవద్దా అన్నాను. బకెట్టు కింద పెట్టి కొంగుతో మెడ తుడుచుకుంది.

"పెద్దోళ్లందరి మీద నా పేరు నేనే ఎట్ల ఏసుకుంట పెద్దమ్మా? సిగ్గు గాదా?"

దీపాలు పెట్టే వేళకు ఆయన మా గుమ్మంలోకి వచ్చారు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"అక్కా, జర అడుగుత, కోపం చేయకున్రి. వాళ్లకు ఎట్ల చెప్పిన్రు?"

"శుభలేఖ రాసినట్టు రాయమన్నాను."

తిడతారనుకున్నాను. తిట్టినా పడదామనుకున్నాను.

"నలభై ఏండ్లాయె దీని మీద చదువుబట్టి," అన్నారు. "ఏ దేశంల ఎట్ల ఎంచుతరో తెలుసు. మన ఇంట్ల ఆడోళ్లు ఒకటి, రెండు, మూడు ఎక్కడెక్కడ రాస్తరో తెల్వదు. తప్పు నాది అక్కా. మీరు మంచిగనే చెప్పిన్రు."

ఆ మాట నన్ను తిట్టినదానికంటే ఎక్కువ బాధపెట్టింది. అర్థం కాక తల ఊపానని అప్పుడే చెప్పి ఉండాల్సింది. భోజనం చేశారా అని అడిగాను.

ఆ తర్వాత ఆయన ఆదివారాలు మానలేదు, కానీ డబ్బాలు మాత్రం తీసుకెళ్లడం మానేశారు. ఊరికే కాగితాలు పట్టుకుని నిలబడేవారట. కంట్లో శుక్లం ముదిరి, టైపు కొట్టిందే మళ్లీ కొడుతుండేవారు. పక్క గదివాళ్లు ఒకే చప్పుడు ఒకే వరసలో వస్తోందని చెప్పేవారు. మరుసటి ఎండాకాలం యాదమ్మ ఇల్లు ఖాళీ చేసింది. చాదర్‌ఘాట్ వైపు మూసీ ఒడ్డున కింది గది దొరికిందట, నీళ్లు గుమ్మంలోనే ఉంటాయట. మొగుణ్ని కుర్చీలో కూర్చోబెట్టి మెట్లు దించుతుంటే ముందు పక్క మాస్టారు పట్టుకున్నారు. కళ్లు సరిగా కనపడని మనిషి, వెనక్కి వెనక్కి నడుస్తూ, మెట్టు తర్వాత మెట్టు పాదంతో తడుముకుంటూ మూడంతస్తులూ దిగారు. నేను కింద నిలబడి చూశాను. ఆటో వెళ్లిపోయింది.

వర్షాలు మొదలైన నెలలో ఆయనకు జ్వరం వచ్చింది, దవాఖానలో ఐదు రోజులు ఉన్నారు. నేను ఒక రోజు పప్పూ అన్నం మెత్తగా కలిపి తీసుకెళ్లాను. రెండు ముద్దలు తిన్నారు. చేతులు దుప్పటి కింద ఉన్నాయి, దుప్పటి కదులుతోంది. మళ్లీ ఒకసారి కమిటీని అడుగుతాను, ఈసారి నాకు సరిగా నేర్పండి అన్నాను. అప్పటికి ఆయనకు వినపడిందో లేదో తెలియదు. దుప్పటి మాత్రం కదులుతూనే ఉంది.

శ్మశానానికి బిల్డింగ్ నుంచి ఏడుగురు వెళ్లారు. నేను ఎంచాను.

ఈ మధ్య మళ్లీ కమిటీ ఎన్నిక వచ్చింది. మాస్టారి లెక్కన పెడదామని నేను లేచి అడిగాను. ఆ ముచ్చట ఒకసారి అయిపోయింది కదా పిన్నిగారూ అన్నారు. అప్పుడు మీకు నేను తప్పు చెప్పాను, అది పెద్దరికం వరస కాదు, ఎవరికి ఎవరు కావాలో ఆ వరస అన్నాను. ముందు వైపు ఒకావిడ నవ్వింది. ఇప్పుడు తెలిసినా మేం అలాగే రాస్తాం, ఇన్నేళ్లుగా ఒకచోట ఉన్నాం, పెద్దవాళ్లను కిందకి వేసి ముఖం ఎలా చూపిస్తాం అంది. వెనక వైపు ఆడవాళ్లు కూడా తలలు ఊపారు. పాత పద్ధతిలోనే చేతులెత్తారు. తాతగారు పోయారు కాబట్టి బిల్డింగ్‌లో పెద్దదాన్ని నేనే. నేను వద్దన్నా వినకుండా నన్నే మొదటి కుర్చీకి ఎన్నుకున్నారు.

యాదమ్మ ఉన్న వాటాలో ఇప్పుడొక బాలింత ఉంది. గుడ్డలు ఉతకడానికి నీళ్లు మోస్తుంది. మొదటి సమావేశంలోనే నేను ఒకటే మాట అడిగాను, రోజూ ఒక గంట మోటారు ముందుగా వెనక ట్యాంకుకు వేయాలని. మళ్లీ అధ్యక్షుడైన మిర్చి వ్యాపారి శ్రద్ధగానే విన్నాడు. ముందు వైపు ట్యాంకు నిండాకే వెనక్కి అన్న పాత పద్ధతే ఉండాలనేవాళ్లు చేతులెత్తండి అన్నాడు. నాలుగు చేతులు లేచాయి. నేను చెయ్యి ఒళ్లోనే ఉంచుకున్నాను.

మినిట్స్ పుస్తకంలో అధ్యక్షుడు తన చేత్తోనే రాసి, పుస్తకం నా వైపు తిప్పాడు. "పాత పద్ధతే కొనసాగించాలని సభ్యులందరూ ఏకగ్రీవంగా తీర్మానించారు." కింద ఐదు గీతలు. నాలుగు నిండి ఉన్నాయి.

"నేను చెయ్యి ఎత్తలేదు కదా," అన్నాను.

"నలుగురు అన్నంక అయిపోయినట్టే గద పెద్దమ్మా. జర సంతకం చెయ్యున్రి."

నాకు నా పేరు రాయడం వచ్చు. ఆ రోజు రాదన్నాను.

అధ్యక్షుడు నవ్వలేదు, విసుక్కోలేదు. సొరుగు తెరిచి సిరా పెట్టె తీసి, మూత విప్పి, నా బొటనవేలికి అందేటట్టు దగ్గరగా జరిపాడు. నా చేతులు రెండూ కొంగులో చుట్టుకుని లేచి వచ్చేశాను.